ఉత్తరపు మూల

"పది నిమిషాలు" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అమరేశ్, గుమ్మానికి అడ్డంగా నిలబడే. "చూడుండ్రి, పోండ్రి. దేన్నీ ముట్టొద్దు. ఇది యాక్సిడెంటు కేసు. మీరొచ్చి దీన్ని వేరే కేసు చేయొద్దు."

 ఒకప్పుడు నేత్ర ఇదే అమరేశ్ కింద ఎస్సైగా పనిచేసింది. ఆమె కష్టపడి పట్టుకున్న నేరస్తుణ్ణి అతను తన పేరున వేసుకున్నాడు. ఆ గొడవలోనే ఉద్యోగం వదిలేసి, రాయచూరులో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. అప్పటి నుంచి ఇద్దరూ ఎదురుపడితే ఒక్క మాటా మెత్తగా ఉండదు.

అతని భుజం పక్క నుంచి దారి చేసుకుని లోపలికి నడిచింది.

కల్మల దాటాక లింగసుగూరు రోడ్డు పక్కన లేవబోతున్న పెద్ద వైద్య ప్రాంగణానికి అది సైటు ఆఫీసు. గది మధ్యలో, మంచమంత బల్ల మీద ఆ ప్రాంగణం నమూనా ఉంది. వచ్చే ముప్పై ఏళ్లలో ఏ భవనం ఎక్కడ రావాలో, ఏది ముందో ఏది వెనకో అంతా అందులో కనిపిస్తుంది. మొదటి పదేళ్లలో కట్టేవి తెల్ల చెక్క ముక్కలు, తర్వాతవి పసుపు, చివరివి నీలం. కింద నేలకు బదులు పచ్చటి దళసరి గుడ్డ పరిచారు. ఏ ముక్కనైనా చేత్తో ఎత్తి మరోచోట పెట్టుకోవచ్చు.

ఆ ప్రణాళిక గీసిన మనిషి పేరు ప్రమోద్. నిన్న పొద్దున ఇదే బల్ల పక్కన, తల వెనక భాగం పగిలి, చచ్చిపడి ఉన్నాడు. పక్కన ఇనుప మడత నిచ్చెన పడి ఉంది. పైనున్న లైటు సరిచేయబోయి నిచ్చెన మీద నుంచి పడ్డాడని పోలీసులు తేల్చేశారు. ఆ మాట నమ్మలేనంటూ నిన్న సాయంత్రం నేత్రకు కేసు అప్పజెప్పింది ఈ ప్రాంగణం కట్టిస్తున్న ట్రస్టులో సభ్యురాలు డాక్టర్ రాజ్యలక్ష్మి. రాయచూరులో ఆమెకు పెద్ద నర్సింగ్ హోము ఉంది.

"శవం దొరికినప్పటి ఫోటో చూపిస్తరా సార్?"

"యాకె? ఎందుకు? మా మీద నమ్మకం లేదా?"

"ఉన్నందుకే మీ ఫోటోనే అడుగుతున్న."

అమరేశ్ విసుగ్గా ఫోన్ తీసి ముందుకు చాచాడు. నేత్ర బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేసి, నిచ్చెన దగ్గర ఆపింది.

"నిచ్చెన మడిచి ఉన్నది. కొక్కెం గూడ వేసి ఉన్నది. మడిచి కొక్కెం వేసిన నిచ్చెన మీద మనిషి ఎట్ల నిలబడతడు సార్?"

అమరేశ్ ఫోన్ లాక్కున్నాడు. కాసేపు చూశాడు. "మా కానిస్టేబుల్ మడిచి ఉంటడు."

"ఫోటో తీయకముందేనా? శవం పక్కనున్న సామాను మీ కానిస్టేబుల్ ముట్టిండని రాసియ్యండ్రి. లేకుంటే ఇంకెవరో ఆ నిచ్చెన తెచ్చి పడేసిన్రని రాసియ్యండ్రి. రెండిట్ల ఏదైనా సరే."

అమరేశ్ మెడ నరం ఉబ్బింది. "అయిదు నిమిషాలు అయిపోయినయి" అన్నాడు.

గది మూల కుర్చీలో కూర్చుని ఇదంతా వింటున్నాడు ధర్మతేజ. ప్రాజెక్టు డైరెక్టరు. సింధనూరు వైపు కాలువ కింద స్థిరపడ్డ గోదావరి జిల్లా కుటుంబం వాళ్లది. నిన్న శవాన్ని మొదట చూసింది అతనే. నేత్ర అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మొన్న సాయంత్రం ప్రమోద్‌ను ఆఖరుగ చూసింది మీరేనా?"

"అవునండి. ఎనిమిదింటిదాకా ఇద్దరం ఇక్కడే ఉన్నాం. పొద్దున్నే పని ఉంది, ఇక్కడే పడుకుంటానన్నాడు. నేను వెళ్లిపోయాను."

"పొద్దున్నే ఏం పని?"

"మట్టి పరీక్ష. గుంతలు తీయించాలి కదండి."

"ఎక్కడ?"

ధర్మతేజ నమూనా వైపు చూడకుండానే అన్నాడు. "అదేనండీ, తూర్పు వైపు. తల్లీపిల్లల ఆస్పత్రి వచ్చేచోట."

నేత్ర లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. ఇంగ్లీషు ఎల్ అక్షరంలా మలుపు తిరిగిన పెద్ద తెల్ల ముక్క తూర్పున ఉంది. అదే తల్లీపిల్లల ఆస్పత్రి. ఉత్తరపు మూలలో, కాలువ గట్టు పక్కన, చిన్న చిన్న చెట్లు గుచ్చిన తోట ముక్క ఉంది.

"మొదటి నుంచీ ఆస్పత్రి తూర్పుననే ఉన్నదా?"

"లేదండి. ముందు ఉత్తరాన ఉండేది. పోయిన నెల్లో ప్రమోదే దాన్ని తూర్పుకు జరిపాడు. రేపు ట్రస్టు బోర్డు మీటింగులో ఇదే ఖాయం చేస్తారు."

"ఆయననే జరిపిండా? మీరు చూసిన్రా?"

"నా కళ్లముందే జరిపాడండి."

నేత్ర వంగి, బల్ల అంచుకు కళ్లు ఆనించినట్టుగా చూసింది. సైటులో రోజూ లేచే దుమ్ము సన్నగా అన్ని కప్పుల మీదా పేరుకుని ఉంది. వేలితో ఒక పసుపు భవనం మీద గీత గీసింది. దుమ్ములో గీత పసుపుగా తేలింది. తోట ముక్కలోని చెట్ల మీద గీసింది. వేలికి ఏమీ అంటలేదు.

"ముట్టొద్దన్న కదా" అన్నాడు అమరేశ్.

"మీ కళ్లతోనే చూడుండ్రి సార్. అన్నిటి మీద దుమ్ము ఉన్నది. ఈ తోట మీద లేదు. పోయిన నెలల పెట్టింది ఇంత కొత్తగ ఎట్ల ఉంటది?"

అతను దగ్గరికి వచ్చేలోగా ఆమె తోట ముక్కను ఎత్తేసింది. కింద గుడ్డ మీద ముదురాకుపచ్చ రంగులో ఎల్ ఆకారం తేలింది. పడమటి కిటికీలోంచి పడే ఎండకు బల్ల మీది గుడ్డంతా వెలిసిపోయి ఉంటే, ఆ ఒక్క చోటే కొత్త గుడ్డలా ఉంది. నేత్ర ఆస్పత్రి ముక్కను తూర్పు నుంచి తీసి ఆ మచ్చ మీద పెట్టింది. అంచుకు అంచు సరిపోయింది. తూర్పున అది లేచిన చోట గుడ్డ, చుట్టూ ఉన్న గుడ్డలాగే వెలిసి, దుమ్ము పట్టి ఉంది.

"దుమ్ము మీద తెచ్చి పెట్టిన్రు. ఒక్క పొద్దు దుమ్ము గూడ ఈ తోట మీద పడలేదు. నిన్న పోలీసులు వచ్చినంక ఈ రూముకు తాళం పడ్డది. అంటే దీన్ని జరిపింది ప్రమోద్ చచ్చినంక, పోలీసులు రాకముందు." ఆమె ధర్మతేజ వైపు తిరిగింది. "చచ్చినోడు లేచి జరిపిండా?"

ధర్మతేజ పెదాలు తడుపుకున్నాడు. "మీరేదేదో అంటున్నారు."

"ఇంకొకటి గూడ అంట, వినుండ్రి. తూర్పున మీరు ఆస్పత్రి పెట్టిన చోటికి పడమట ఏమున్నది?"

అతను బల్ల వైపు చూశాడు. నమూనాలో ఆ చోటికి పడమటగా సన్నటి పొగగొట్టం ఉంది. ఆస్పత్రి చెత్త కాల్చే చోటు అది.

"వానకాలమంత గాలి పడమటి నుంచి కొడతది. ఆ పొగంత బాలింతల వార్డులకు పోతది. పైగ అంబులెన్సు వచ్చే తలుపు రోడ్డుకు కాకుండ ప్రహరీ గోడకు తిరిగి ఉన్నది. ఏండ్ల తరబడి ఈ ప్లానుతోనే బతికిన మనిషి ఇట్ల పెడతడా? పని తెల్వనోడు, తొందరల ఉన్నోడు పెట్టిండు. చెప్పుండ్రి, ఎందుకు జరిపిన్రు?"

"నేను చంపలేదండి" అన్నాడు ధర్మతేజ.

"చంపిన్రని నేను అడగలేదు. జరిపిన్రా అని అడిగిన."

"చాలు" అంటూ అమరేశ్ ఇద్దరి మధ్యకూ వచ్చాడు. "మేడం, మీకు ఇక్కడ ఏ అధికారమూ లేదు. సాక్షిని బెదిరిస్తున్నరు. సీన్ చెడగొట్టిన్రు. కేసు పెట్టమంటరా?"

"పెట్టుండ్రి. చెడగొట్టిన సీన్ అంటే ముందు అది సీన్ అని ఒప్పుకోవాలె. యాక్సిడెంటుకు సీన్ ఎక్కడిది?"

"నువ్వు మారలేదు" అన్నాడతను, మర్యాద వదిలేసి. "అప్పుడూ ఇట్లనే. పై ఆఫీసరు చెప్పింది వినుడు నీ ఒంట్ల లేదు."

"పై ఆఫీసరు మారిండేమో చూద్దామని వచ్చిన. మారలేదు."

 నేత్ర కిటికీ దగ్గరికి నడిచి బయటికి చెయ్యి ఊపింది. ఉత్తరపు మూల వైపు దారిలో పసుపు జేసీబీ ఒకటి ఆగి ఉంది. దాని డ్రైవరు శివన్న, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పుకుంటూ లోపలికి వచ్చాడు. మనిషి బక్కగా ఉన్నాడు. పోలీసును చూడగానే గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఇతన్ని నేనే రమ్మన్న" అంది నేత్ర. "నిన్న పొద్దున గుంతలు తీయాల్సింది ఇతనే. రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు. శివన్నా, ఎక్కడ తవ్వాలని చెప్పిండు ప్రమోద్ సారు?"

"ఉత్తరం దిక్కు మూలకు మేడం. కాలువ పొంటి."

ధర్మతేజ తల దించుకున్నాడు.

"మరి నిన్న ఎందుకు రాలేదు?" ఈసారి అడిగింది అమరేశ్.

"మొన్న దీపాలు పెట్టే యాళ్లకు ఫోన్ వచ్చింది సాబ్. రేపు మిషన్ తేవొద్దు, ఇంజినీర్ సారు ఉండడు అని చెప్పిన్రు. సరే అనుకున్న."

"ఎవరు చెప్పిన్రు?"

"పేరు చెప్పలేదు. ఆడమనిషి. మన దిక్కు మాట కాదు, కాలువ కింది ఆంధ్రోళ్ల మాట. ఆఫీసుల పెద్ద మేడం అనుకున్న."

"ఆ నంబరు ఉన్నదా?"

శివన్న జేబులోంచి గీతలు పడ్డ ఫోన్ తీసి వెతికి ఇచ్చాడు. మొన్న సాయంత్రం, ఆరూ నలభై. ఆ వేళకు ప్రమోద్ ఇదే గదిలో ధర్మతేజ పక్కన కూర్చుని, మర్నాటి తవ్వకం గురించి మాట్లాడుతున్నాడు. తను మర్నాడు ఉండబోడని అతనికే తెలియదు.

నేత్ర ఆ నంబరును తన ఫోన్‌లో ఒక్కొక్క అంకే కొట్టసాగింది. సగం కూడా కొట్టకముందే కింద పేరు దానంతటదే వచ్చింది. ఆమె వేలు ఆగిపోయింది. ఇంకో అంకె కొట్టింది, తప్పేమోనని. పేరు పోలేదు. 

"ఎవరిది?" అన్నాడు అమరేశ్.

ఆమె ఫోన్ అతని వైపు తిప్పింది. రాజ్యలక్ష్మి.

అమరేశ్ నవ్వబోయి ఆపుకున్నాడు. "మీకు కేసు ఇచ్చిన డాక్టరమ్మ."

"అవును."

"ఆమె ట్రస్టీ. పని ఆపమని చెప్పొచ్చు. సారు ఉండడంటే ఊరికి పోతడని అనుకుని ఉండొచ్చు. ఇది నేరమెట్ల అవుతది?"

ప్రశ్న సరైనదే. నేత్ర వెళ్లి ధర్మతేజ ముందు నిలబడింది. "నిన్న శవాన్ని చూసినంక మీరు పోలీసులకన్న ముందు ఎవరికి ఫోన్ చేసిన్రు?"

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మాటలు వేళ్ల మధ్య నుంచి వచ్చాయి. "డాక్టరుగారికేనండి. ప్రాణం ఉందేమోనని ఆవిణ్ణే పిలిచాను. నేను చెప్పింది విని, ముందు ఆస్పత్రి ముక్కను తూర్పుకు జరిపి తోట పెట్టెయ్ అన్నారు. అక్కడ తోటకు ప్రమోద్ నా దగ్గర ముందే ఒప్పుకున్నాడు, బోర్డులో రచ్చ కాకూడదు అన్నారు. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆవిడేనండి. చేసేశాను. చేశాక గానీ నాకు బుర్ర పనిచేయలేదు."

"ఆ ఉత్తరపు మూల ఎవరిది?"

"ఆవిడ నాన్నగారిదండి, రంగనాయకులుగారిది. అక్కడ పురుగుమందుల గోడౌన్ ఉండేది. ఆయన పోయాక ఆవిడ దాన్ని ట్రస్టుకు రాసిచ్చారు. నాన్న పేరున తోటగానే ఉంచాలి, ఎప్పటికీ తవ్వకూడదని అడిగారు. మొదట్లో అందరూ సరేనన్నారు. ప్రమోదే ఒప్పుకోలేదు. రోడ్డుకు దగ్గర, నీళ్లకు దగ్గర, అంత మంచి చోటు ముప్పై ఏళ్లు ఖాళీగా ఎందుకు అన్నాడు. అక్కడే తల్లీపిల్లల ఆస్పత్రి పెట్టాడు. దానికి నీళ్లు కూడా అక్కడి బోరువే."

 నేత్ర నమూనా మీది ముదురాకుపచ్చ మచ్చను తలుచుకుంది. గోడౌన్‌లో గడువు తీరిన మందు డబ్బాలను ఆ నేలలోనే పూడ్చేసి ఉంటారని ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆస్పత్రి లేస్తే అక్కడి బోరునీళ్లతోనే పాలపొడి కలిపి పసిపిల్లలకు పట్టేవాళ్లు. ఆ సంగతి ఒక డాక్టరుకు తెలుసు. తెలిసీ, తండ్రి పేరు చెడకూడదని నోరు మూసుకుంది.

"తవ్వించండ్రి సార్" అంది.

"ఏమీ లేకపోతే?"

"నా ఆఫీసు మూసేస్త. రాయచూరుల మళ్ల మీకు కనబడ."

 అమరేశ్ శివన్నతో అన్నాడు, "పో. తవ్వు. లోపల ఏమన్న తగిలితే ఆపి పిలువు." శివన్న పరుగెత్తాడు. అమరేశ్ మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "నాకొకటి చెప్పు. ఆమెనే చంపితే, యాక్సిడెంటని మేము మూసేస్తుంటే, నిన్నెందుకు పిలిచింది? బుద్ధి ఉన్నోళ్లు చేసే పనేనా ఇది?"

నేత్ర అదే ప్రశ్నను తనలో తాను వేసుకుంటోంది. నిన్న సాయంత్రం రాజ్యలక్ష్మి తన ఎదురుగా కూర్చుని మాట్లాడిన తీరు గుర్తు తెచ్చుకుంది. హంతకుడెవరని ఆమె అడిగింది తక్కువ. ప్రమోద్ ఉత్తరపు మూలలో ముందే ఒక చిన్న బోరు వేయించి మట్టి తీశాడట, ఆ మట్టి డబ్బా కనబడడం లేదట, అది ఎవరి దగ్గరుందో కనుక్కోమని మాత్రం రెండుసార్లు చెప్పింది. సాక్ష్యం కోసం ఆరాటపడుతోందని నేత్ర అనుకుంది.

"మట్టి కోసం పిలిచింది" అంది నెమ్మదిగా. "ఆ మట్టి ఎవరి దగ్గరున్నదో తెలుసుకోవడానికి. పోలీసులతోని ఆ పని చేయించుకోలేదు కదా."

"తెలిసిందా మరి?"

"పొద్దున నేనే చెప్పిన" అంది నేత్ర.  "కావేరి దగ్గర ఉన్నదని."

కావేరి ప్రమోద్ దగ్గర మట్టి పరీక్షలు చూసే ఇంజినీరు పిల్ల. నిన్న శవాన్ని చూసి స్పృహ తప్పి పడిపోయింది. ఆమెను తీసుకెళ్లి చేర్పించింది రాజ్యలక్ష్మి నర్సింగ్ హోములోనే. మట్టి డబ్బా సంగతి కావేరి గదిలో ఉండే అమ్మాయి నేత్రకు చెప్పింది. ఆ మాటను నేత్ర, తనకు కేసు ఇచ్చిన మనిషి కదా అని, ఆమెకే అందించింది.

నేత్ర స్పీకరు పెట్టి నర్సింగ్ హోముకు ఫోన్ చేసింది. నర్సు ఎత్తింది.

"కావేరి పేషెంటా? లేదు మేడం. పెద్ద డాక్టరమ్మ వాళ్ల తెల్ల కారుల హైదరాబాదు తీసుకపోయిన్రు. అర్ధగంట అయ్యింది. ఆ పిల్లకు ఇంకా మెలకువ రాలేదు. ఇంజెక్షన్ ఇచ్చినంక నిద్రపోతున్నది."

అమరేశ్ అప్పటికే వైర్‌లెస్‌లో కన్నడంలో అరుస్తున్నాడు, తెల్ల కారు, హైదరాబాదు రోడ్డు, ఆపండి అని. "అర్ధగంట అంటే కృష్ణ బ్రిడ్జి దగ్గర ఉంటరు" అన్నాడు నేత్రతో. "బ్రిడ్జి దాటితే తెలంగాణ. నా చేతుల ఉండదు." ఆ గొంతులో ఇందాకటి ఎకసెక్కెం లేదు. కోపం మాత్రం ఉంది, ఆమె మీదో తన మీదో తెలియనట్టుగా.

నేత్ర చేతిలో ఫోన్ మోగింది. తెర మీద రాజ్యలక్ష్మి పేరు. అమరేశ్ అందరినీ చేత్తో ఆగమన్నాడు. ఆమె స్పీకరు నొక్కింది.

"నేత్రా, ఎక్కడున్నావమ్మా?" రాజ్యలక్ష్మి గొంతు రోగిని పలకరించినట్టు మృదువుగా ఉంది. వెనక కారు ఇంజను, గాలి హోరు.

"ఆఫీసులనే ఉన్న మేడం. రాయచూరుల."

"మంచిది. నీ పని అయిపోయింది. మట్టి సంగతి చెప్పావుగా, అది చాలు. పోలీసులు యాక్సిడెంటంటున్నారు, ఇక మనం కూడా అలాగే అనుకుందాం. కావేరి నా పక్కనే పడుకుంది. పాపం, చాలా నీరసంగా ఉంది. రేపు బోర్డు మీటింగు అయ్యేదాకా నేనే దగ్గరుండి చూసుకుంటాను. ఆ తర్వాత ఇంటికి పంపిస్తాను. అర్థమైంది కదా?"

"అర్థమైంది మేడం."

"సైటులో ఎవరూ ఏమీ తవ్వట్లేదు కదా?"

నేత్ర కిటికీలోంచి చూసింది. ఉత్తరపు మూలలో జేసీబీ చెయ్యి పైకి లేచి ఉంది. అమరేశ్ వాకిట్లోకి ఉరికి, ఆపమని రెండు చేతులూ ఊపుతున్నాడు. శివన్న చూపు గుంతలోనే ఉంది.

"లేదు మేడం" అంది. "సైటుల ఎవరూ లేరంట."

జేసీబీ చెయ్యి దిగింది. ఇనుము ఇనుముకు తగిలి ఖంగుమని మోగింది. గది అద్దాలు అదిరాయి. ఆ వెంటనే కిటికీలోంచి ఘాటుగా పురుగుమందు వాసన కొట్టింది. ధర్మతేజ దగ్గు ఆపుకోలేక వంగిపోయాడు.

ఆ మోత ఫోన్‌లోంచి అవతలికీ వెళ్లింది.

"అబద్ధం చెప్పావు నేత్రా" అంది రాజ్యలక్ష్మి. తర్వాత ఫోన్ నోటికి దూరంగా పట్టుకుని, ముందు సీటులోని వాడితో అంది. "బ్రిడ్జి మీదికి వచ్చాం కదా. కారు పక్కకు ఆపు. ఈ పిల్లను దింపుదాం."

కారు తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఫోన్ తెగిపోయింది.